చేమంతికి పద్నాలుగు గంటల చీకటి

పూలషెడ్డులో ముప్ఫై ఏళ్లుగా అతని పని ఒకటే. సాయంత్రం ఐదు కాగానే మొక్కల మీదికి నల్లగుడ్డ లాగడం, పొద్దున ఏడింటికి తీయడం. మధ్యలో ఏం చేస్తావని ఎవరైనా అడిగితే "కాపలా కాస్తాను, చీకటికి" అనేవాడు. డబ్బుకి కాపలా విన్నాం, ధాన్యానికి విన్నాం, ఈ చీకటికి కాపలా ఏంటి బాబూ అని కొత్తగా చేరినవాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. ఒక పంట చూసేసరికి ఆ నవ్వు కాస్తా ఆగిపోయేది.

చేమంతి మహా మొండిది. నువ్వు ఎరువు వెయ్యి, నీళ్లు పొయ్యి, బతిమాలుకో, రాత్రిళ్లు పొడుగయ్యేదాకా మొగ్గ వెయ్యదు. ఎండాకాలం పగళ్లు పొడుగు కాబట్టి ఆకులు పెంచుకుంటూ, ఎత్తు పెరుగుతూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. అప్పుడు పూలు కావాలంటే దాన్ని మోసం చెయ్యాల్సిందే. ఎండ ఇంకా చుర్రుమంటుండగానే ఐదింటికి గుడ్డ కప్పేసి, రాత్రయిందని నమ్మించాలి. పద్నాలుగు గంటల చీకటి, ఒక్కరోజు తప్పకుండా, వారాల తరబడి. అప్పుడు చలికాలం వచ్చిందనుకుని మొగ్గ తొడుగుతుంది. ఈ మోసానికి నియమం ఒకటే, మధ్యలో చీకటి తెగకూడదు. రాత్రి నడుమ వెలుగు పడిందా, మొక్క ఆ పొడుగు రాత్రిని రెండు పొట్టి రాత్రులుగా లెక్కేసుకుని మళ్లీ ఆకుల పనిలో పడుతుంది.

ఒకసారి ఒక పనివాడు జారిపోయిన తాళంచెవి వెతుక్కుంటూ గుడ్డ కింద లైటరు వెలిగించాడు. ఆ మాత్రం మంటకి మొక్కకేమీ కాదు. అయినా ఇతను ఒంటికాలి మీద లేచి, వాణ్ణి నాలుగు వీధులకు వినపడేట్టు తిట్టి, మూడురోజులు షెడ్డు గడప తొక్కనివ్వలేదు. నియమమంటే అతనికి అలాంటి పట్టింపు.

అతని భార్యదీ ఆ షెడ్డే. ఆవిడ పని వేరు. చిన్న కుంచెతో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకి అద్ది, విత్తనం కట్టించి, మొలిపించి, మొదటి పువ్వు విచ్చుకోగానే చూసి "ఉంచు" అనో "తీసెయ్" అనో తేల్చడం. విత్తనంతో పుట్టిన చేమంతి ఏదీ తల్లిలా ఉండదు, తండ్రిలా ఉండదు, ప్రతిదీ కొత్త మనిషే. అందరికీ ఒకే పసుపుగా కనపడే పది మొక్కల్లో ఆవిడకి పది పసుపులు కనపడేవి. షెడ్డు ఆడవాళ్లు ఆవిణ్ణి రంగులక్క అన్నారు. అక్క మొగుడు బావే కదా, అందుకని అతను చీకటి బావ అయ్యాడు. "రంగులక్కకి చీకటి బావ, ఏం జోడీ కుదిరిందే!" అని మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకటే వేళాకోళం. వాళ్లకి పిల్లల్లేరు. ఆ వేళాకోళాలే ఇంటిదాకా తెచ్చుకుని ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

పది పసుపులు చూసే ఆ రంగులక్కకి కళ్లు పోవడం మొదలైంది.

మొదట రేచీకటి అన్నారు. మసకపడితే చాలు, ఆవిడకి గుమ్మం కనపడేది కాదు. ఒక సాయంత్రం పెరట్లో మెట్టు తప్పి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. తర్వాత పక్కలు మూసుకుపోయాయి, గొట్టంలోంచి చూస్తున్నట్టు ఎదురుగా ఉన్నంత మేరే కనపడేది. కంటి వెనక పొర ఎండిపోతోందని, మందు లేదని డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్లని అతను గుచ్చి గుచ్చి అడిగితే "రెండు నెలలు, మహా అయితే మూడు" అన్నాడు. ఆవిడ రిక్షాలో ఇంటికొస్తూ దారిపొడుగునా దుకాణాల బోర్డులు పైకి చదువుతూ కూర్చుంది.

షెడ్డు మానేసేటప్పుడు ఆవిడ ఒక్క కుండీ అడిగి తెచ్చుకుంది. తను చివరిసారి కుంచె పట్టి అద్దిన పూల విత్తనాల్లో నలభై మొలిస్తే, తెగుళ్లు పోగా బతికి బట్టకట్టింది అదొక్కటే. జానెడు మొక్క. దాని పువ్వు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అది ఇంతవరకు లోకంలో పూయలేదు.

"ఇది దాని కాలానికి పూయాలంటే ఐదు నెలలు" అంది ఆవిడ, కుండీని పెరటి గోడ పక్కన పెట్టిస్తూ. "నాకు అంత గడువు లేదు."

"ఐదు నెలలు ఎవడిక్కావాలి? నేను లేనా?" అన్నాడు అతను. "ఎనిమిది వారాల్లో పూయిస్తాను. నువ్వు చూస్తావు."

"ఇన్నేళ్లూ ఊరందరికీ పూయించావు. నాకొక్కటి పూయించు చాలు" అంది. ఆవిడ అతన్ని ఏదైనా అడగడం తక్కువ.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు. షెడ్డులో పక్కన పడేసిన పాత నల్లగుడ్డ తెచ్చి, చిరుగులకి మాసికలు వేసి, నాలుగు కర్రలు పాతి కుండీ మీద గూడు కట్టాడు. ఐదింటికి కప్పడం, ఏడింటికి తీయడం. షెడ్డు పని ఇంకో మనిషికి అప్పజెప్పి, ఐదయ్యేలోపు పడుతూ లేస్తూ ఇంటికి చేరేవాడు. మరదలు ఊరినుంచి ఫోన్ చేసి "బావా, బజార్లో కట్టలు కట్టలు అమ్ముతున్నారు కదా చేమంతులు, ఒక కట్ట కొని అక్కకి చూపించరాదూ, ఎందుకింత ప్రయాస?" అంది. మరదలు మంచిది, కానీ కొన్ని సంగతులు ఎంత చెప్పినా తలకెక్కవు. అతను ఊఁ కొట్టి ఊరుకున్నాడు.

షెడ్డులో అయితే మూడోవారం ముగిసేసరికి కొమ్మల చివర మిరియపు గింజంత మొగ్గలు కనపడాలి. ఆవిడ రోజూ మధ్యాహ్నం, ఎండ బాగా ఉన్నప్పుడు, కొమ్మ కొనని కంటికి అంగుళం దూరంలో పెట్టుకుని చూసేది. ఆకు. మర్నాడు ఇంకో ఆకు. ఇరవై ఒకటో రోజూ ఆకే, ఇరవై రెండో రోజూ ఆకే. అతను మట్టిని తిట్టాడు, కుండీని తిట్టాడు, ఎరువు అమ్మినవాడి ఏడు తరాలనీ తిట్టాడు. ఆవిడ మాత్రం నెమ్మదిగా ఆలోచిస్తూ కూర్చుంది.

ఇరవై నాలుగో రోజు, దీపాలు పెట్టే వేళ దాటాక, ఆవిడ పిలిచింది.

"ఏమయ్యా, నా మాట విని ఆ గుడ్డ కింద తల పెట్టి చూడు."

"తల పెడితే గుడ్డ లేస్తుంది, వెలుగు పడదూ!"

"పడనీ. ఇరవై నాలుగు రోజులు పడని మొగ్గ ఈ పూటకి పడుతుందా ఏంటి? చూడు."

అతను మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డ అంచు ఎత్తి, మెడదాకా లోపలికి దూరాడు. లోపల చీకటిగా ఉండాలి. లేదు. గుడ్డ పొడుగునా, ఒకప్పుడు షెడ్డులో కొక్కేలు గుచ్చిన చోటల్లా, సూదిబెజ్జాలంత చిల్లులు. వరసలు వరసలుగా ఉన్నాయి. ప్రతి చిల్లులోంచీ వెలుగు దిగి, ఆకుల మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. చిల్లులకి అవతల, వెనక గుమ్మం పైన, రాత్రంతా వెలిగే బల్బు.

ఆ బల్బు పెట్టింది అతనే. ఆవిడ మెట్టు తప్పి పడిన మర్నాడే కొనుక్కొచ్చాడు. పెరటి చివరనున్న స్నానాలగదికి రాత్రి ఎప్పుడు లేచి వెళ్లినా ఆవిడ తడుముకోకూడదని, దొరికినవాటిలో అన్నిటికన్నా పెద్దది తెచ్చి, పొద్దుగూకినప్పట్నుంచి తెల్లారేదాకా ఆర్పకుండా ఉంచాడు. షెడ్డులో గుడ్డ రెండు పొరలు ఉండేది, చుట్టుపక్కల దీపం వెలగనిచ్చేవాడు కాదు. ఇంట్లో ఒక్క పొర కట్టాడు. బల్బు సంగతి అతనికి తోచనే లేదు, ఎందుకంటే అతని లెక్కలో అది వెలుగు కానే కాదు, ఆవిడ చేతికర్ర. లైటరు మంటకి మనిషిని మూడురోజులు బయట నిలబెట్టినవాడు తన ఇంట్లో ఇలా పప్పులో కాలేశాడు.

"ఏం కనపడుతోందయ్యా?" అని బయటనుంచి ఆవిడ అడిగింది.

అతను ఒక చిల్లుని వేలితో మూసి చూశాడు, ఆకు మీద ఒక చుక్క ఆరిపోయింది.

"చెప్పు."

"నా బల్బు" అన్నాడు అతను లోపలినుంచే. గుడ్డలోంచి తల బయటికి తీయడానికి చాలాసేపు పట్టింది.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది అతనికి. గోడ పట్టుకుని నిలబడి, వేళ్లు ముడుస్తూ ఏదో లెక్కవేసుకుని, "రేపు మళ్లీ మొదటిరోజు" అంది. "ముందు ఆ బల్బు తీసెయ్."

"నీకెలా మరి? రాత్రి లేస్తే?"

"తాడు కట్టు. పట్టుకుని పోతాను. ఎలాగూ అలవాటు చేసుకోవాల్సిందే కదా."

అతను బల్బు విప్పి, వెనక గుమ్మంనుంచి స్నానాలగది దాకా తాడు కట్టాడు. షెడ్డుకెళ్లి కొత్తగుడ్డ తెచ్చి రెండు పొరలుగా కుట్టాడు. ఆ రోజునుంచి చీకటి పడితే ఆ ఇంటి వెనక భాగంలో చిన్న దీపం కూడా లేదు. ఆవిడ ఆ తాడు పట్టుకుని పదమూడు అడుగులు వేసేది. మొదటివారం రెండుసార్లు మోకాలు కొట్టుకుంది, ఒకసారి తలుపుకి నుదురు తగిలి బొప్పి కట్టింది. అతను టార్చి పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. "నీ వెలుగుతో ఒకసారి పడింది చాలు" అంది. ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

సాయంత్రాలు ఇద్దరూ వంటింట్లో కూర్చునేవాళ్లు. ఆవిడ షెడ్డు కబుర్లు చెప్పేది. అతను వింటూ మనసులో రోజులు లెక్కపెట్టుకునేవాడు. ఇవాళ్టికి మొదటి లెక్కలో ముప్ఫై ఐదు, కొత్త లెక్కలో పదకొండు. ఏ లెక్క చూసినా డాక్టరు చెప్పిన గడువుకి ముడిపడేది కాదు, ఒక్కోసారి మాత్రం అంచు అందీ అందనట్టు అందేది. ఆ అంచు పట్టుకునే బతికాడు.

కొత్త లెక్కలో ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం ఆవిడ కొమ్మ పట్టుకుని గట్టిగా నవ్వింది. అతను చేతిలో గిన్నె అక్కడే పడేసి పరుగెత్తాడు. కొమ్మ చివర మిరియపు గింజంత మొగ్గ. ఆవిడ దాన్ని ఒక కంటితో చూసి, రెండో కంటితో చూసి, మళ్లీ మొదటి కంటితో చూసింది. "పచ్చగా, గుండ్రంగా, బలే ఉందయ్యా" అంది. దాదాపు నాలుగువారాలపాటు రోజూ మధ్యాహ్నం అలాగే చూసింది. మొగ్గ బఠాణీ గింజంత అయింది, తర్వాత గోళీకాయంత అయింది. పైన ఆకుపచ్చ రేకులు మాత్రం బిగించుకుని ఉన్నాయి, లోపలి రంగు బయటికి రాలేదు. అతను కళ్లలో వత్తులేసుకుని కూర్చున్నాడు. "తొందరపెట్టకు, అది నీ మాట వినదు" అని ఆవిడ వెక్కిరించేది.

మొదలుపెట్టిన డెబ్భై రెండో రోజు పొద్దున, అతను ఏడింటికి గుడ్డ తీసి, మడిచి భుజం మీద వేసుకుని, మొక్కకి నీళ్లు పోశాడు. కొద్దిసేపటికి ఆవిడ తాడు పట్టుకుని వచ్చింది. కుండీ ఎదురుగా వంగి కూర్చుంది.

"ఏడు దాటిందిగా, ఇంకా గుడ్డ తియ్యలేదేం?" అంది.

అతను నిలబడ్డచోటే ఉండిపోయాడు. పెరడంతా ఎండ. ఆవిడ మొహం మీద ఎండ, విప్పుకుని ఉన్న రెండు కళ్ల మీదా ఎండ.

"తీస్తున్నా" అన్నాడు. భుజం మీది గుడ్డ తీసి, చప్పుడయ్యేట్టు ఒకసారి దులిపాడు.

ఆవిడ చెయ్యి చాపి కొంచెంసేపు అలాగే ఉంచింది. తర్వాత ఆ చేత్తోనే మొక్కని తడిమింది. ఆకులు అప్పటికే వెచ్చగా ఉన్నాయి.

"అబద్ధమెందుకయ్యా" అంది. "నా చేతికి ఎండ తగులుతోంది."

మరదలు మర్నాడు బస్సెక్కి వచ్చింది. ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు దీపం వేసి చూశాడు, ఆర్పి చూశాడు, తనకేమీ చేతకాదని ఇంకోసారి చెప్పాడు. మరదలు దారంతా ఏడ్చింది. ఆవిడ ఏడవలేదు, "నీ ముక్కు చీదడం ఆపు, ఆటోవాడు కంగారుపడుతున్నాడు" అని చెల్లెల్ని కసిరింది. ఇంటికొచ్చాక గది తలుపు వేసుకుంది. లోపల్నుంచి వినపడ్డ ఏడుపుకి మరదలు బావ చెయ్యి పట్టుకుని గుమ్మంలోనే కూలబడింది.

నాలుగోరోజున మొగ్గ కొనన రంగు పొడచూపింది. రంగు కనపడ్డాక ఇక గుడ్డ అవసరం లేదు. అయినా అతను రోజూ ఐదింటికి కప్పాడు, ఏడింటికి తీశాడు. మానేస్తే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

ఎనభయ్యో రోజున పువ్వు విచ్చుకుంది.

అప్పటికి మరదలు వెళ్లిపోయింది. అతను ఆవిణ్ణి పెరట్లోకి తీసుకొచ్చి, పీట వేసి కూర్చోబెట్టి, కుండీని ఒడిలో పెట్టాడు. ఆవిడ వేళ్లతో కాడ పట్టుకుని పైకి వచ్చింది, ఆకులు లెక్కపెట్టింది, పువ్వు అడుగున అరచెయ్యి పెట్టి బరువు చూసింది.

"కాడ గట్టిగా ఉంది. రేకులు బాగా దట్టం. రంగు చెప్పు."

"ఎరుపు."

"ఎరుపంటే?"

అతను పువ్వు వంక చూశాడు. ముప్ఫై ఏళ్లు పూల మధ్య బతికినవాడు, కానీ అతని పనంతా మొగ్గ దాకానే, పూత వచ్చాక అది ఆవిడ లోకం. అతనికి తెలిసిన రంగులు ఐదో ఆరో.

"ఎరుపే. అంటే... మరీ ఎరుపు కాదు. ఇటుకలా."

"కాల్చిన ఇటుకా, పచ్చి ఇటుకా?"

"కాల్చిందే. తడిస్తే ఉంటుందే, అలా."

"రేకంతా ఒకటే రంగా?"

"కొసకి వచ్చేసరికి వెలిసిపోయింది."

"రేకు తిప్పి వెనకవైపు చూడు."

అతను ఒక రేకుని జాగ్రత్తగా తిప్పాడు. వెనకవైపు వేరే రంగు. లేత పసుపు, దాని మీద సన్నటి గీతలు.

"వెనక పసుపు" అన్నాడు. "ముందొకటి, వెనకొకటి."

ఆవిడ పువ్వుని రెండు చేతులా పట్టుకుంది. "రెండు రంగులా? నిజంగా చెబుతున్నావా?" అంది. "అన్నేళ్లలో నా చేతిలో ఒక్కటి కూడా అలా రాలేదయ్యా." పువ్వు అంచున వేళ్లు ఉంచుకుని, నోరు బిగబట్టుకుని ఏడ్చింది.

అతను ఇక ఆపుకోలేకపోయాడు. ఆవిడ ముందు నేల మీద చతికిలబడ్డాడు.

"నా బల్బు వల్లే" అన్నాడు. "ఆ ఇరవై నాలుగు రోజులూ వృథా కాకపోతే ఇది నువ్వు చూసేదానివి."

"అవును" అంది ఆవిడ. "పదహారు రోజులు చూసేదాన్ని. నేనూ లెక్కేశాను."

అతను తల దించుకున్నాడు. కాదులే, నీ తప్పేముంది అంటుందని అతను ఎదురుచూడలేదు, అయినా ఆ మాట రాకపోయేసరికి లోపల ఏదో విరిగింది.

"నాకు కోపంగా ఉందయ్యా" అంది ఆవిడ, కొంగుతో మొహం తుడుచుకుని. "నేను పడిపోకూడదనే పెట్టావని తెలుసు. తెలిసినా కోపం పోవట్లేదు. ఎన్నాళ్లుంటుందో నాకూ తెలియదు. పోగొట్టాలని నువ్వు నా చుట్టూ తిరగకు."

"సరే" అన్నాడు అతను.

"ఆ పసుపు గీతలు ఎన్నున్నాయి?"

అతను కళ్లు తుడుచుకుని లెక్కపెట్టాడు. "ఐదు. కాదు, ఆరు."

"సరిగ్గా చూడు. మొదటినుంచి చెప్పు, కాడ దగ్గర్నుంచి."

"నాకు ఇలా చెప్పడం చేతకాదు" అన్నాడు.

"నేర్చుకో" అంది ఆవిడ. "నాకు వేరే కళ్లు లేవు."

అతను కుండీకి దగ్గరగా జరిగి, కాడని రెండు వేళ్లతో పట్టుకుని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.